నిప్పు వదలని దారం

ప్రొఫెసర్ లిండర్, జీఫెన్ ఊరున్న కొండ ఎక్కి వచ్చేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. సలోమె మగ్గం ఆపి కిటికీలోంచి చూసింది. బాసెల్ నగరంలో అంత పేరున్న మనిషి, అరవై దాటినవాడు, మెట్లు కూడా ఎక్కొద్దని డాక్టరు చెప్పినవాడు, నవంబరు మంచులో అంత దూరం నడిచి వచ్చాడంటే ఏమనుకోవాలి? బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా అది? ఒక చెయ్యి పక్కింటి గోడకి ఆనించి, రెండో చేత్తో కోటు లోపల ఏదో పొదివి పట్టుకుని, ఊపిరి కోసం నిలబడి ఉన్నాడు.

"అయ్యో, ప్రొఫెసరు గారూ! కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా!" అంటూ సలోమె పరుగెత్తి చెయ్యి పట్టుకుంది.

"కబురు పెడితే ఊరంతా తెలిసేది," అన్నాడాయన. "మీ అత్తగారు ఇంట్లో ఉన్నారా?"

"మధ్యాహ్నం నిద్రలో ఉంది. పిడుగు పడ్డా లేవదు. రండి, పొయ్యి దగ్గర కూర్చోండి."

"పొయ్యి దగ్గర వద్దు," అన్నాడు గబుక్కున. ఆయన కంఠంలో భయం విని సలోమె ఆశ్చర్యపోయింది. కిటికీ దగ్గర, మగ్గం పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టింది.

పెళ్ళికి ముందు సలోమె ఎనిమిదేళ్ళు ఆయనింట్లో పనిచేసింది. కింది గదిలో ఆయన ప్రయోగశాల. గాజు గొట్టాలూ గిన్నెలూ కడగడం ఆమె పని. చదువు రాక మూడు సీసాలు తారుమారు చేసి పాడుచేస్తే, ఆయన ఒక్క మాటైనా అనకుండా కూర్చోబెట్టి అక్షరాలు నేర్పాడు. పనిపిల్లకి చదువు చెప్పే ప్రొఫెసర్లు ఎంతమంది ఉంటారు చెప్పండి? ఆ గుణానికే సలోమె ఆయన్ని తండ్రికన్న ఎక్కువగా చూసుకుంది.

ఆ రోజుల్లోనే ఆయన ఒక విచిత్రమైన వస్తువు తయారుచేశాడు. చక్రాలూ లేవు, పళ్ళూ లేవు. ఆమ్లం కలిపిన నీళ్ళలో బోర్లించిన రెండు గాజు గొట్టాలు, ఒక్కో దాంట్లో ఒక ప్లాటినం రేకు. ఒక గొట్టంలో హైడ్రోజన్, రెండోదాంట్లో ఆక్సిజన్. ఆ రెండు గాలుల్నీ ఒకచోట కలిపి అగ్గి చూపిస్తే గది అదిరిపోయేలా పేలతాయి. అలాంటివి ఆ రేకుల దగ్గర చప్పుడు లేకుండా, మంట లేకుండా కలిసిపోయి నీళ్ళవుతూ, తీగలోకి విద్యుత్తు పంపేవి. తీగ చివర ఉన్న, విద్యుత్తు కొలిచే సూది కదిలేది. మొదటిసారి కదిలినప్పుడు పక్కన ఉన్నది సలోమె ఒక్కతే. "చూశావా సలోమె, ఇంత నిప్పు ఎంత నెమ్మదిగా పని చేస్తోందో!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

తర్వాత దాన్ని నగరంలో పెద్దల ముందు చూపించాడు. సూది కదిలింది. అందరూ కాసేపు చూశారు. అప్పుడు పట్టు రిబ్బన్లు నేయించి అమ్మే దొర ఒకడు లేచి, "బాగుంది ప్రొఫెసర్, ఇది ఎన్ని మగ్గాలు తిప్పుతుంది?" అన్నాడు. సభంతా గొల్లున నవ్వింది. ప్రొఫెసర్ కూడా వాళ్ళతో కలిసి నవ్వాడు. గొట్టాలు మోసుకొచ్చిన బుట్టతో వెనక నిలబడ్డ సలోమెకి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్ళేదాకా వాన పడుతూనే ఉంది, ఆయన టోపీ చేత్తోనే పట్టుకుని నడిచాడు. ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళు దాటినా ఆ నవ్వు తలచుకుంటే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడాయన కోటులోంచి చిన్న చెక్కపెట్టె తీసి, మూత తెరిచాడు. లోపల చెక్క ముక్క మీద చుట్టిన పిడికిలంత చుట్ట. పట్టుదారం. సలోమె వేలితో తాకి, ఆగి, మళ్ళీ తాకింది. పట్టు కాదు. పట్టుకన్న మెరుపెక్కువ, పట్టుకన్న చల్లగా ఉంది.

"ఏ పురుగు తీసింది దీన్ని?"

"నేనే ఆ పురుగుని," అన్నాడాయన. నవ్వబోతే దగ్గు వచ్చింది. "దూది. వట్టి దూది, సలోమె. ఘాటు ఆమ్లాల్లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, ఈథర్‌లో కరిగిస్తే జిగురవుతుంది. ఆ జిగురుని సూదిమొనంత రంధ్రంలోంచి లాగాను. నాలుగేళ్ళు పట్టింది. వచ్చే సోమవారం రిబ్బను దొరల సంఘం ముందు పెట్టాలి. ఉత్త దారం చూపిస్తే మళ్ళీ అదే మాట అంటారు. నేసి చూపించాలి. జానెడు చాలు."

సలోమె మగ్గంవైపు చూసింది. మగ్గం ఆమెది కాదు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ మగ్గం నేసేవాళ్ళది కాదు. నగరంలో ఉన్న దొరది మగ్గం, దొరదే పట్టు. ఆ మగ్గం మీద వేరే దారం ఎక్కించినట్టు తెలిస్తే మర్నాడే బండి వచ్చి మగ్గం విప్పుకుపోతుంది. ఆమె భర్త పోయి నాలుగేళ్ళు. ఆమెకీ అత్తకీ ఉన్నది ఆ మగ్గమే.

"డాక్టరు ఏమన్నాడు?" అని అడిగింది.

"ఈస్టరు చూస్తే గొప్ప అన్నాడు." వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఆయన నవ్వులపాలైన మనిషిగా చనిపోకూడదు. సలోమెకి ఆ క్షణంలో ఇంకేమీ తోచలేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ దొరలు ఈ మనిషి ముందు నోరు మూసుకుని కూర్చోవాలి. "ఆదివారం రండి," అంది. "కానీ గుర్రబ్బండిలో రండి, నడిచి వచ్చారో ఇవ్వను."

"ఒక్క సంగతి." ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "దీన్ని దీపానికీ పొయ్యికీ దూరంగా ఉంచు. నేను దారం చేశాను గానీ దాంట్లోంచి నిప్పుని తీయలేకపోయాను. ఆమ్లం ఇచ్చిన మెరుపూ దాంట్లోనే ఉంది, మంటా దాంట్లోనే ఉంది. ఎవరికీ చెప్పకు, ఎవరినీ ముట్టుకోనివ్వకు."

"మా అత్తకి చెప్పేదుందా? పొద్దున ఆమెకి తెలిస్తే మధ్యాహ్నానికి ఊరి నీళ్ళతొట్టి దగ్గర అందరికీ తెలుస్తుంది."

మంగళవారం, బుధవారం అత్త నిద్రపోయే వేళల్లో సలోమె ఆ దారంతో ఒక కండె చుట్టి, నాడెలో పెట్టి నేసింది. నిలువున పడుగు దొరగారి నల్ల పట్టు, అడ్డంగా పేక ఈ దూదిపట్టు. నాలుగు పేకలు పడ్డాక దారం దారి పట్టింది. తెగలేదు, ముడిపడలేదు. నల్లని నీళ్ళ మీద వెన్నెల పడ్డట్టు రిబ్బను మెరుస్తూ వచ్చింది. జానెడన్నది జానన్నర చేసి, కత్తిరించి, తన కీర్తనల పుస్తకంలో దాచింది. మిగిలిన చుట్టని పెట్టెలో పెట్టి బట్టల అడుగున తోసింది. మనిషన్నాక సంతోషం పట్టలేని రోజు ఒకటి ఉంటుంది. బుధవారం సలోమెకి అలాంటి రోజు.

గురువారం తెల్లవారి ఇంకొంచెం నేద్దామని ఆమెకి ఆశ పుట్టింది. అదే ఆమె చేసిన తప్పు. చుట్ట బయటికి తీసి బల్ల మీద పెట్టిందో లేదో, వీధిలో గంటలు మోగాయి. బట్వాడా బండి. వారానికోసారి నేసిన రిబ్బన్లు నగరానికి పట్టుకుపోయి, కొత్త పట్టు తెచ్చే బండి అది. తోలే హైనీ ఎవరికోసమూ రెండు నిమిషాలకన్న ఆగడు.

"ఏమమ్మా సలోమె, ఇవాళ ఇంకా దువ్వుకుంటూ కూర్చున్నావా?" అని బయటినుంచి కేకపెట్టాడు. "దొరగారికి చెప్పనా, జీఫెన్ సలోమె అద్దం వదల్లేదు, అందుకే రిబ్బన్లు రాలేదని?"

"నీ నోరు పడిపోను, వస్తున్నా ఆగు!" అని సలోమె రిబ్బన్ల మూట ఎత్తుకుని పరుగెత్తింది. చుట్ట బల్ల మీదే ఉండిపోయింది.

అత్త ఊర్సెల్‌కి డెబ్భై నాలుగేళ్ళు. మగ్గం తొక్కే ఓపిక పోయాక రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టడమే ఆమె పని. ఆ ఊళ్ళో ముసలివాళ్ళందరి పనీ అదే. చూపు మందగించినా ఆమె వేళ్ళకి చూపుండేది. పట్టులో ఒక్క పోగు మందంగా ఉన్నా రాట్నం ఆపేసేది. ఆ ఉదయం ఆమె గదిలోంచి వచ్చి, బల్ల మీద మెరుస్తున్న చుట్ట చూసి, బండి మీద వచ్చిన కొత్త పట్టనుకుంది. కోడలు ఒక్కతే ఎంతకని చేస్తుంది, నేను చుట్టి పెడతాను అనుకుంది పాపం.

చుట్టేముందు జీఫెన్‌లో ఎవరైనా చేసే పని ఒకటుంది. దారం కొసని మంటలో పెట్టి చూస్తారు. అసలైన పట్టయితే ముడుచుకుపోయి, జుట్టు కాలిన వాసన వేసి, కొసన నల్లని పూస మిగులుతుంది. నూలు కలిస్తే మంట లేచి కాగితంలా బూడిదవుతుంది. ఊరికే పుట్టిన అలవాటు కాదది. నలభై ఏళ్ళ కిందట నగరం నుంచి వచ్చిన పట్టులో ఎవరో నూలు కలిపారు. రిబ్బన్లు తిరిగొచ్చాయి. నేసినవాళ్ళే మంచి పట్టు దొంగిలించి నూలు కలిపారని దొరలు తేల్చారు. ఊర్సెల్ భర్త పేరు చర్చిలో అందరి ముందూ చదివారు. ఆయన ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. అప్పటినుంచీ ఆ కొండ మీద ఏ ఇంట్లోనూ మంట చూడని పట్టు రాట్నం ఎక్కదు.

ఊర్సెల్ చుట్టని ఎడమ చేత్తో పట్టుకుని, పొయ్యి తలుపు తీసి, కుడిచేత్తో కొసని మంటలో పెట్టింది.

హైనీతో వాదులాడుతున్న సలోమెకి కేక వినబడింది. ఏం జరిగిందో ఆ క్షణంలోనే తెలిసిపోయిందామెకి. లోపలికొచ్చి చూస్తే గదిలో పొగ లేదు, బూడిద లేదు, దారం లేదు. మాడిన చెక్క ముక్క ఒకటి నేల మీద ఉంది. ఊర్సెల్ పొయ్యి ముందు కింద కూర్చుని ఉంది. కనుబొమలు లేవు. రెండు చేతులూ ముందుకు చాపి, అవి వేరెవరివో అయినట్టు చూస్తోంది.

"పట్టు కాదే అది," అంది. "సలోమె, వెధవలు మళ్ళీ కల్తీ చేశారే. పట్టు కాదది."

సలోమె ఆమెని పట్టుకుని భోరుమంది.

వైద్యుడు వచ్చాడు. సున్నపుతేటలో అవిసె నూనె కలిపి పూసి, గుడ్డలు చుట్టాడు. కళ్ళు దక్కాయి, అదృష్టం అన్నాడు. చేతుల సంగతి వాకిట్లోకి వచ్చాక చెప్పాడు. ప్రాణానికి భయం లేదు. ఎడమ చేతి వేళ్ళు మూడు ముడుచుకుపోతాయి. కుడి చేతి వేళ్ళ కొసలకి స్పర్శ తిరిగి రాదు. "ఇంక కండెలు?" అని అడిగింది సలోమె. ఆయన పెట్టె సర్దుకుంటూ తల అడ్డంగా ఊపాడు.

ఆ రోజూ మర్నాడూ సలోమె మగ్గం ముట్టలేదు. అత్తకి అంతా చెప్పేసింది, కాళ్ళు పట్టుకుంది. ఊర్సెల్ చివరిదాకా వింది. తర్వాత, "నాకు చెప్పొద్దన్నది ఆయనా, నువ్వా?" అంది. ఇద్దరమూ అంది సలోమె. ముసలామె గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారమంతా సలోమె ఒకటే ఆలోచించింది. సోమవారం దొరలు ఆ రిబ్బను చూస్తారు. చూస్తే వదలరు. ఏడాదికో రెండేళ్ళకో హైనీ బండి మీద ఆ దారం చుట్టలు చుట్టలుగా వస్తుంది. జీఫెన్‌కి వస్తుంది, పక్క ఊరికి వస్తుంది, కొండ మీద ఉన్న ప్రతి ఇంటికీ వస్తుంది. ప్రతి ఇంట్లోనూ ఒక ఊర్సెల్ ఉంది, ఒక పొయ్యి ఉంది. ఇంకోవైపు ఆ మనిషి ఉన్నాడు. ఆయనకి మిగిలింది ఈ చలికాలం. ఏది చేసినా పాపమే అనిపించింది. చివరికి ఒక నిర్ణయానికొచ్చి, ఏడ్చి, ముఖం కడుక్కుంది.

ఆదివారం చర్చి విడిచాక గుర్రబ్బండి వచ్చింది. ప్రొఫెసర్ శుభ్రంగా గడ్డం గీసుకుని, మంచి కోటు వేసుకుని వచ్చాడు. గుమ్మంలోనే, "ఏమైంది?" అన్నాడు.

"రాలేదు ప్రొఫెసరు గారూ," అంది సలోమె, నేల చూపులు చూస్తూ. "మూడుసార్లు ఎక్కించాను. పేక వేసినప్పుడల్లా పుటుక్కున తెగింది. చుట్టంతా ముక్కలైపోయింది. పారేశాను. ఆ దారం మగ్గానికి పనికిరాదు."

ఆయన నెమ్మదిగా బల్ల మీద కూర్చున్నాడు. కోప్పడితే బాగుండునని సలోమెకి అనిపించింది. ఆయన కోప్పడలేదు. "జిగురు పల్చనైందేమో," అన్నాడు. "లేకపోతే ఆరబెట్టడంలో... సరే. నీకు శ్రమ ఇచ్చాను." చేతి గొడుగు కోసం తడుముకున్నాడు. అది ఆయన ఒళ్ళోనే ఉంది. ఒక్క నిమిషంలో ఆయన పదేళ్ళు ముసలివాడైపోయాడు. సలోమె పెదవి కొరుక్కుంది.

"అబద్ధం!"

లోపలి గదిలోంచి ఊర్సెల్ గొంతు. ముసలిదే గానీ అది చర్చి గోపురం దాకా వినిపించే గొంతు.

"అత్తా, నువ్వూరుకో!"

"ఎందుకూరుకోవాలి? మా కోడలి చేతిలో తెగే దారం ఇంకా పుట్టలేదయ్యా! సాలెగూడు ఇచ్చినా నేస్తుంది. ఈ ఇంటి మగ్గం మీద తెగిందని ఊళ్ళో ఎవడైనా అంటే నేనూరుకుంటానా? కీర్తనల పుస్తకం తెచ్చి చూపించవే ఆయనకి. తెచ్చి చూపించి, ఆ తర్వాత నా దగ్గరికి తీసుకురా."

చూశారా ఆ ముసలామె పౌరుషం! చేతులు పోయినా కోడలి పనితనానికి మాట రానివ్వలేదు. సలోమె లోపలికి వెళ్ళింది. పుస్తకం తెచ్చి, పేజీల మధ్య నుంచి రిబ్బను తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. తిప్పి చూశాడు, అంచు చూశాడు, బుగ్గకి ఆనించుకున్నాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి. "వచ్చింది," అన్నాడు. "వచ్చింది కదే సలోమె! మరి ఎందుకు..."

అడుగుతూనే లోపలి గది గుమ్మంలోకి వెళ్ళాడు. ఊర్సెల్ దిండ్లకి ఆనుకుని కూర్చుని, గుడ్డలు చుట్టిన రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకుని ఉంది. కనుబొమలు లేని ఆ ముఖం చూసి ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. రిబ్బను చేతిలో పట్టుకునే ఆయన మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నేను చేశానమ్మా ఇది," అన్నాడు.

"అవును, నువ్వే," అంది ఊర్సెల్. "లే. మోకాళ్ళ మీద నుంచి లేపడానికి నాకు చేతులు లేవు." ఆయన లేచాక, "ఏదీ, నన్నూ చూడనీ," అంది. ఆయనకి అర్థం కాలేదు. ముసలామె గడ్డం ముందుకు చాపింది. ఆయన రిబ్బనుని ఆమె పెదవులకి ఆనించాడు. ఆమె పెదవులతో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తడిమింది. "బాగుంది," అంది చివరికి. "దొంగముండది, చాలా బాగుంది."

"నేను రేపు వెళ్ళను," అన్నాడు ప్రొఫెసర్. "దీన్ని ఇక్కడే వదిలేస్తాను."

"ఎందుకెళ్ళవు? నువ్వు వెళ్ళకపోతే ఇంకొకడు కనిపెట్టి వెళ్తాడు, వాడికి నా సంగతి తెలియను కూడా తెలియదు. నువ్వు వెళ్ళు. ఇది చూపించు, నా చేతులూ చూపించు. నేనూ వస్తాను. నలభై ఏళ్ళ కిందట మా ఆయన ఆ దొరల సంఘం గుమ్మం ముందు టోపీ చేత్తో పట్టుకుని పొద్దంతా నిలబడ్డాడు, లోపలికి పిలవలేదు. ఆ గది ఎలా ఉంటుందో చూస్తాను నేను."

సోమవారం పదిగంటలకి ఆ గదిలో పదకొండుమంది దొరలు పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. రిబ్బను చేతులు మారుతూ వెళ్ళింది. మొదట ఇద్దరు మాట్లాడుకున్నారు. తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఒకాయన భూతద్దం పెట్టి చూశాడు, ఇంకొకాయన గోటితో గీశాడు. బల్ల చివరిదాకా వెళ్ళి రిబ్బను అధ్యక్ష స్థానంలో ఉన్న తెల్లగడ్డం దొర దగ్గరికి వచ్చింది. ఆయన చాలాసేపు చూసి, "పురుగు లేకుండా?" అన్నాడు.

"లేకుండానే," అన్నాడు ప్రొఫెసర్.

"ఇటలీ నుంచి ఒక్క పట్టుగూడు తెప్పించకుండా?"

"దూది చాలు."

ఎవరూ నవ్వలేదు. గోడ పక్కన అత్తని పట్టుకుని నిలబడ్డ సలోమె ఒక్కొక్క ముఖమూ చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆమె కోరుకున్నది ఇదే. వాళ్ళ ముఖాల్లో ఆశ్చర్యం ఉంది, ఆశ ఉంది, ఆయనంటే భయం లాంటి గౌరవం ఉంది. అది చూస్తే కడుపు నిండుతుందనుకుంది. నిండలేదు.

"తయారుచేసే పద్ధతి రాసి తెచ్చారా?" అన్నాడు తెల్లగడ్డం దొర. ప్రొఫెసర్ చేతి కింద కాగితాలు ఉన్నాయి. ఆయన వాటి మీద నుంచి చెయ్యి తీయలేదు.

"ముందు ఈమెని చూడండి," అన్నాడు. "జీఫెన్ ఊరు. పేరు ఊర్సెల్. అరవై ఏళ్ళుగా మీ పట్టు చుట్టిన చేతులు."

సలోమె గుడ్డలు విప్పింది. నెమ్మదిగా, కడపటి పొర దగ్గర తడిపి తడిపి విప్పింది. ఊర్సెల్ పళ్ళు బిగించి నిలబడింది గానీ ఒక్క మూలుగు రానివ్వలేదు. ఒకరిద్దరు తల తిప్పుకున్నారు. తెల్లగడ్డం దొర తిప్పుకోలేదు. అంత చెడ్డవాడేమీ కాదాయన. లేచి వచ్చి చూశాడు, "అయ్యో" అన్నాడు, నిజంగానే అన్నాడు. తర్వాత వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

"కొత్త సరుకు, తెలియక జరిగింది," అన్నాడు. "ప్రతి చుట్టకీ చీటీ అంటిద్దాం. నిప్పు దగ్గరికి తేవద్దని పెద్ద అక్షరాలతో. మంటలో పెట్టి చూసే ఆ అలవాటు మానుకోమని ఊళ్ళలో దండోరా వేయిద్దాం."

"ఆ అలవాటు నేర్పింది ఎవరు దొరా?" అంది ఊర్సెల్.

విప్పిన చేతులు ఆమె ఇంకా చాపే ఉంచింది.

"కల్తీ మీ గోదాములో జరిగింది, దొంగ పేరు మా ఆయనకొచ్చింది. అప్పుడు నేర్చుకున్నాం. నలభై ఏళ్ళు. నా చేతులు నన్నడిగి మంట దగ్గరికి వెళ్ళవు, వాటంతటవే వెళ్తాయి. చీటీ అంటిస్తారా? అంటించండి. చీకటి గదిలో కూర్చున్న ముసలిముండ ఎవత్తె చదువుతుంది చీటీ?"

తెల్లగడ్డం దొర ఆమె మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. ప్రొఫెసర్‌వైపు చూసి, "కాగితాలు," అన్నాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది, దాదాపు బతిమాలుతున్నట్టు ఉంది.

ప్రొఫెసర్ లేచాడు. బల్ల మీదున్న రిబ్బను తీసి, కాగితాలతో కలిపి కోటు జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు గుండీ పెట్టుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

"దారంలోంచి నిప్పుని తీసేసిన రోజున ఇస్తాను," అన్నాడు. "తీయొచ్చు. పేలే గాలుల్ని మంట లేకుండా కలపగలిగినప్పుడు ఇది కూడా కుదురుతుంది. దానికీ ఒక నెమ్మదైన దారి ఉంటుంది. నేను వెతుకుతాను."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"తెలియదు. నాకున్న కాలం చాలదు. తెలిసినంతవరకూ రాసిపెడతాను. నా తర్వాత వచ్చేవాడికి మొదటి పేజీలోనే ఈమె చేతుల సంగతి కనబడుతుంది."

"ఈలోగా ఫ్రాన్సులో ఎవడో కనిపెడితే? పేరు వాడికి పోతుంది. మీ పేరు ఎవరికీ గుర్తుండదు, ప్రొఫెసర్."

"పోనివ్వండి," అన్నాడాయన. అని, ఊర్సెల్ చేతులకి గుడ్డలు చుట్టడంలో సలోమెకి సాయం చేశాడు.

బయట మంచు కురుస్తోంది. సలోమె ఏడుస్తూనే నడిచింది. ఎందుకేడుస్తున్నదో అడిగితే చెప్పలేకపోయేది. ఆయన ఏం వదులుకున్నాడో ఆ గదిలో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. వంతెన దగ్గరున్న పూటకూళ్ళ ఇంట్లో ఆయన ముగ్గురికీ వేయించిన పిండి జావ తెప్పించాడు. ఊర్సెల్ గిన్నెవైపు చూసింది, తన చేతులవైపు చూసింది. సలోమె లేవబోతే ప్రొఫెసర్ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టాడు. తన కుర్చీ ముసలామె పక్కకి జరుపుకుని, చెంచా నింపి, ఆమె నోటి దగ్గరికి తెచ్చాడు.

"ఊది పెట్టు నాయనా," అంది ఊర్సెల్. "కాలుతుంది."

ఆయన ఊది పెట్టాడు.